వేరుశనగలో తుంగ: పైన తీసిన కలుపు, కింద మిగిలిన గడ్డ

కదిరి చుట్టుపక్కల ఎర్రచల్క నేలల్లో నీటి వసతి ఉన్న రైతులకు పంట సలహాలు ఇవ్వడం నా పని. ఇక్కడ రాస్తున్నది ఒక్క చేను కథ. రైతు పేరు, ఊరు రాయడం లేదు. కలుపు మందుల గురించి రైతులు అడిగే ప్రశ్నల్లో సగానికి ఈ చేనులో జవాబు దొరుకుతుంది కాబట్టే దీన్ని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

నాలుగు ఎకరాల చేను, ఒక బోరు, స్ప్రింక్లర్లు. ఖరీఫ్‌లో వాన మీద ఆధారపడి, రబీలో బోరు నీటితో రెండు కార్లూ (పంట కాలాలూ) వేరుశనగే. రకం కదిరి-6. ఈ రైతు పద్ధతిగా సేద్యం చేసే మనిషి. విత్తనశుద్ధి మానడు. ఎకరాకు 200 కిలోల జిప్సం పూత దశలో మొదళ్ల దగ్గర తప్పకుండా వేస్తాడు. అలాంటి మనిషి జనవరిలో ఫోన్ చేసి, "సార్, ఈ తుంగ చూస్తే టెన్షన్‌గా ఉంది. ఇట్లయితే శెనక్కాయ మానేయాల్సిందే" అన్నాడు.

నేను వెళ్లేసరికి పైరు వయసు దాదాపు 25 రోజులు. రెండున్నర ఎకరాల్లో అక్కడక్కడా కొద్దిపాటి కలుపు తప్ప చేను బాగానే ఉంది. మిగిలిన ఎకరన్నరలో మాత్రం సాళ్లు కనబడనంత తుంగ. వేరుశనగ మొక్కలు కింది ఆకులు పాలిపోయి, కొమ్మలు పక్కలకు చాచకుండా బక్కగా నిలువుగా ఎదిగి ఉన్నాయి.

అప్పటికే చేసినవి

నేను వెళ్లేలోపు రైతు చేయని ప్రయత్నం లేదు. విత్తిన మర్నాడే తేమ మీద పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు 1.3 లీటర్లు, 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టాడు. పదిహేను రోజులప్పుడు కూలీలతో ఒకసారి కలుపు తీయించాడు. తర్వాత మందుల షాపులో "గడ్డి మందు" అడిగితే క్విజలోఫాప్ ఇచ్చారు. ఎకరాకు 400 మిల్లీలీటర్ల లెక్కన అదీ కొట్టాడు. ఆ మందుతో ఊద, గరిక ఎండాయి. తుంగ మాత్రం ఇంకా పచ్చబడింది.

వీటిలో ఏదీ నకిలీ మందు కాదు, మోతాదూ సరైనదే. తేడా కలుపు జాతిలో ఉంది. పెండిమిథాలిన్ గింజ నుంచి మొలిచే లేత వేరును, మొలకను నేల పై పొరలోనే ఆపుతుంది. ఊద, గునుగు, తోటకూర జాతులు గింజ నుంచి వస్తాయి కాబట్టి వాటి మీద బాగా పని చేస్తుంది. తుంగ గడ్డ నుంచి వస్తుంది. గడ్డలో దాచుకున్న పిండి పదార్థం బలంతో మందు పొరను చీల్చుకుని పైకి లేస్తుంది. క్విజలోఫాప్ సంగతి వేరు. అది గడ్డి జాతులను మాత్రమే చంపే మందు. చూపుకు తుంగ గడ్డిలాగే ఉన్నా అది గడ్డి జాతి కాదు. కాడను రెండు వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి, గడ్డి కాడ అయితే గుండ్రంగా దొర్లుతుంది. షాపు అతన్ని తప్పు పట్టడానికి లేదు, అడిగింది గడ్డి మందు, ఇచ్చింది గడ్డి మందు. అయితే పోటీగా ఉన్న ఊద, గరిక పోవడంతో చోటు, నీరు, ఎండ మొత్తం తుంగకే దక్కాయి. అంటే ఆ స్ప్రే వల్ల ఖర్చుతో పాటు కాస్త నష్టం కూడా జరిగింది.

ఏ తుంగ, ఎక్కడి నుంచి వచ్చింది

ముందు తేల్చుకోవాల్సింది ఇది గింజ తుంగా, గడ్డ తుంగా అన్నది. తడి చోట్ల గింజతో మొలిచే ఏక వార్షిక తుంగలూ ఉంటాయి. వాటిని పీకితే పోతాయి. అందుకని ఒక చోట అడుగు చదరంలో, జానెడు లోతుకు మించి గుంత తవ్వించాను. మట్టిని జల్లెడలో వేసి ఆడిస్తే నల్లటి గడ్డలు మిగిలాయి, కుంకుడు గింజ నుంచి చిన్న రేగు పండు సైజు దాకా. సన్నటి తీగకు గుచ్చిన పూసల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. విరిచి చూస్తే లోపల తెల్లగా, కొంచెం ఘాటు వాసన. అన్నీ బతికే ఉన్నాయి. ఆ ఒక్క గుంతలోనే యాభైకి పైగా వచ్చాయి. పైన అంత మేరకు మొక్కలు చూస్తే పదిహేను కూడా లేవు. మిగతా గడ్డలు నిద్రలో ఉన్నాయన్న మాట.

ఒక తీగ మీద ఉన్న గడ్డలన్నీ ఒకేసారి మొలవవు. ముందు మొలిచింది వెనకవాటిని మొలవనివ్వదు. తీగ తెగితే అప్పుడు ప్రతి గడ్డా సొంతంగా లేస్తుంది. కూలీలు కలుపు తీసిన పది రోజులకే మళ్లీ పచ్చబడిందని రైతు వాపోయింది అందుకే. తొలికతో (కలుపు తీసే చేతి పనిముట్టుతో) మొక్కను మాత్రం కోస్తే గడ్డ అక్కడే ఉంటుంది. తీగ తెగేలా లాగితే పక్క గడ్డలు మేలుకుంటాయి.

ఇంకో విషయం నన్ను ఆపింది. తుంగ చేనంతా సమంగా లేదు. గట్టు మీద నిలబడి చూస్తే గుంపులు గుంపులుగా, దాదాపు సమాన దూరంలో, వరసలుగా కనబడింది. గాలికో నీటికో వచ్చిన కలుపు అంత లెక్కగా మొలవదు. "అన్నా, ఈ పక్క ఏమైనా తోలినావా?" అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి, "రెండేళ్ల కింద చెరువు మట్టి తోలినాం సార్, ట్రాక్టర్లతో" అన్నాడు. ఆ గుంపులు ట్రాలీ మట్టిని దించిన కుప్పల చోట్లు. ఆ తర్వాత రోటావేటర్ తోలి మట్టిని పరిచారు. చెరువు అంచున తుంగ దట్టంగా పెరుగుతుంది, మట్టి ఎత్తడానికి సులువని ఎక్కువగా అంచునే తవ్వుతారు. మట్టితో గడ్డలు వచ్చాయి, రోటావేటర్ బ్లేళ్లు ఆ తీగలను ముక్కలు చేసి చుట్టూ చల్లాయి.

చెరువు మట్టి తోలొద్దని ఇందుకు చెప్పడం లేదు. చల్క నేలకు నీటిని పట్టి ఉంచే గుణం ఆ మట్టితోనే వస్తుంది. తెలంగాణలో 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలైనప్పుడు, ఇటు ఆంధ్రలో నీరు-చెట్టు పనుల్లో, రైతులు మట్టి కోసం పోటీ పడింది ఊరికే కాదు. చెరువులో ఏ చోట మట్టి ఎత్తుతున్నామన్నది చూసుకోవాలి, అంతే.

నిలబడి ఉన్న పైరును ఏం చేయాలి

వేరుశనగకు మొదటి 40, 45 రోజులు కలుపు లేకుండా ఉంటే చాలు, ఆ తర్వాత గుబురు కమ్మి తనే కలుపును అణిచేస్తుంది. 45 రోజులు దాటితే ఊడలు, అంటే పూత నుంచి దిగి కాయ కట్టే కాడలు, నేలలోకి దిగుతుంటాయి. అప్పుడు గుంటక (కలుపు కోసే అడ్డ బ్లేడు పనిముట్టు) తోలినా, తొలికతో కెలికినా, తుంగను గట్టిగా లాగినా ఊడలు తెగి కాయ పోతుంది. అంటే మా చేతిలో ఉన్నది రెండు, మూడు వారాల గడువు.

ముందు వద్దన్నవి చెబుతాను. షాపులో హలోసల్ఫ్యూరాన్ పేరు చెప్పారట. తుంగ మీద అది నిజంగా బాగా పని చేసే మందే. కానీ మన దగ్గర దాన్ని వాడేది చెరకు, మొక్కజొన్నల్లో. లేబుల్ మీద వేరుశనగ లేదు. తుంగ చచ్చి పైరు కూడా దెబ్బతింటే ఎవరికి చెప్పుకోవాలి? వద్దన్నాను. మళ్లీ కూలీలను పెట్టి మొత్తం తవ్విస్తానన్నాడు. ఎకరన్నరకు ఆ కూలి ఖర్చు పెట్టినా పది రోజుల్లో మళ్లీ అదే పరిస్థితి. అదీ వద్దన్నాను.

చివరికి ఇమాజెతాపిర్ 10 శాతం మందు, ఎకరాకు 300 మిల్లీలీటర్లు, తుంగ సోకిన ఎకరన్నరకు మాత్రమే కొట్టించాం. ఇది తుంగ గడ్డను చంపదని తెలుసు. ఆకులు పసుపెక్కి, ఎదుగుదల రెండు మూడు వారాలు నిలిచిపోతుంది. మాకు కావలసింది ఆ రెండు మూడు వారాలే, గుబురు కమ్మే దాకా. తుంగ నీడకు ఓర్చుకోలేదు. పైరు ఒక్కసారి దాన్ని దాటి పైకి వెళ్తే మిగతా పని నీడే చేస్తుంది. స్ప్రే చేసేముందు ముందురోజు స్ప్రింక్లర్ తడి ఇప్పించాం. ఎండిన నేలలో కలుపు ఎదుగుదల ఆగి ఉంటే మందు లోపలికి సరిగా పోదు. నాలుగు సాళ్లను మందు కొట్టకుండా వదిలేయమన్నాను. రైతు ఇష్టపడలేదు, "ఆ నాలుగు సాళ్లు దండగ" అన్నాడు. పోల్చి చూసుకోవడానికి ఏమీ లేకపోతే మందు పని చేసిందో వాతావరణం కలిసొచ్చిందో తెలియదని నచ్చజెప్పాను.

వారానికి వేరుశనగ లేతాకులు కొంచెం పాలిపోయాయి. రైతు కంగారు పడ్డాడు గానీ ఇమాజెతాపిర్‌తో అది మామూలే, పది పదిహేను రోజుల్లో సర్దుకుంది. తుంగ పసుపెక్కి నిలిచిపోయింది. 35 రోజులప్పుడు గుంపులున్న చోట్ల మాత్రమే పైపైన కలుపు తీయించి, అప్పుడే జిప్సం వేయించాం. ఆ తర్వాత చేనులోకి ఎవరినీ దిగనివ్వలేదు.

పంట చేతికొచ్చింది. తుంగ లేని చోటుతో పోలిస్తే ఎకరాకు నాలుగైదు బస్తాలు తక్కువ. మందు కొట్టని నాలుగు సాళ్లలో కాయ సగానికి సగం. రైతుకు ఊరట కలిగింది. నేను మాత్రం కోత రోజున మళ్లీ గుంత తవ్వించాను. గడ్డలు తగ్గలేదు. కొత్తగా లేత గోధుమ రంగు గడ్డలు కొన్ని చేరాయి కూడా. పైన చూసి తుంగ పోయిందనుకుంటే వచ్చే రబీకి ఇదే కథ.

రెండు పంటల మధ్యలో పని

వేరుశనగ ఉన్నప్పుడు తుంగను అదుపులో పెట్టొచ్చు గానీ తగ్గించలేం. తగ్గించే పని పంట లేని నెలల్లోనే. ఇది రైతుకు చెప్పడం తేలిక, ఒప్పించడం కష్టం. ఎందుకంటే ఆ ఎకరన్నరలో ఖరీఫ్ వేరుశనగ వదులుకోవాలి. వానాధార ఖరీఫ్‌లో ఆ ముక్క నుంచి గత రెండేళ్లలో వచ్చిందెంత, కలుపుకు పెట్టిందెంత అని అతనితోనే లెక్క వేయించాను. మిగిలింది చూసుకుని ఒప్పుకున్నాడు.

గ్లైఫోసేట్ కొడితే తేలిపోతుంది కదా అని అతని బామ్మర్ది అడిగాడు. రెండు కారణాలతో వద్దన్నాను. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. రెండోది, అది ఆకు నుంచి గడ్డకు దిగే మందు. ఆకు లేని నిద్రగడ్డకు అది చేరే దారి లేదు. టమాట చేలల్లో వేసే నల్ల మల్చింగ్ షీటు పరిస్తేనో అని కూడా అడిగాడు. తుంగ మొన సూదిలా షీటును పొడుచుకుని పైకి వస్తుంది. టమాట రైతులను అడిగితే చెబుతారు.

మొదటి పని ఎండ దుక్కి. మన ఎర్ర నేల ఎండితే రాయిలా బిగుస్తుంది, మే నెలలో మట్టిని తిరగేసే రెక్కల నాగలి దిగదు. ఆ మట్టి మెత్తగా ఉండేది కాయ పీకడానికి ఇచ్చిన చివరి తడి ఆరకముందే. అందుకని కట్టె (కాయ పీకిన వేరుశనగ మొక్కలు) తీసేసిన వారంలోపే రెక్కల నాగలితో లోతుగా దున్నించి, పెళ్లలను పగలగొట్టకుండా వదిలేశాం. మామూలుగా పెళ్లలు చూడగానే రోటావేటర్ తెప్పిస్తారు. ఇక్కడ పెళ్లలే కావాలి, వాటిలో చిక్కుకున్న గడ్డ ఎండకు ఆరాలి. తుంగ గడ్డకు పెద్ద శత్రువు ఎండిపోవడమే. మూడు వారాల తర్వాత అడ్డంగా కల్టివేటర్ తోలించాం, కింద మిగిలినవి పైకి రావాలని. పైన పడి ఉన్న గడ్డలను ఏరి విరిచి చూస్తే లోపల గోధుమ రంగుకు మారి పొడిపొడిగా ఉన్నాయి. జానెడు లోతులోవి మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి.

ఒకరోజు మేం గడ్డలు విరుస్తుంటే రైతు అన్నాడు, "అడవి పందులు రాత్రుళ్లు శెనక్కాయ తవ్వుకుని తింటాయి. ఈ గడ్డలు కూడా తినొచ్చు కదా సార్." తింటాయి, తుంగ గడ్డలంటే పందులకు ఇష్టమే. కానీ పక్కన శెనక్కాయ ఉంటే తుంగను ఎవరు అడుగుతారు?

రెండో పని, జూన్ వానలకు మొలిచిన తుంగను పదే పదే కోయడం. ఇక్కడ గడువే ముఖ్యం. మొక్క మొలిచాక సుమారు మూడు వారాలకు కొత్త గడ్డ కట్టడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా అది పాత గడ్డలోని నిల్వనే తింటూ ఉంటుంది. మూడు వారాల లోపు కోస్తే గడ్డ చిక్కిపోతుంది, మళ్లీ మొలుస్తుంది, మళ్లీ కోస్తాం. నాలుగో వారానికి జారితే మనం కోసే సరికి అది కింద వడ్డీతో సహా దాచేసి ఉంటుంది. అందుకని పదిహేను, పద్దెనిమిది రోజులకోసారి బ్లేడు గుంటక. మూడో గుంటక తర్వాత మొలిచినవి సన్నగా, వెలిసిన రంగులో వచ్చాయి. గడ్డలో సరుకు అయిపోతోందనడానికి అదే గుర్తు.

ట్రాక్టర్ వరస కూడా మార్చాం. ముందు శుభ్రమైన రెండున్నర ఎకరాలు, చివర్లో తుంగ చేను, తర్వాత గుంటక బ్లేడు, టైర్లు కడగడం. ట్రాక్టర్ బాడుగది. డ్రైవర్ మొదట్లో విసుక్కున్నాడు. అతను తర్వాత వెళ్లేది ఇంకో రైతు చేనుకు కదా అని గుర్తుచేస్తే కడిగాడు.

ఇక్కడ ఎదురుదెబ్బ

ఆగస్టులో ముసురు పట్టింది. పల్లంగా ఉన్న పావు ఎకరం ముక్కలో నెలకు పైగా ట్రాక్టర్ దిగలేదు. మేం దిగే సరికి తుంగ పూత వేసి, ముదురు గోధుమ రంగు కంకులతో నిలబడింది. కింద గడ్డలు నిండా ఉన్నాయి. అక్కడ జూన్, జూలైల శ్రమ మొత్తం పోయిందనే లెక్క. పారతో తవ్వించాలా అని ఆలోచించి మానుకున్నాం. తడి మట్టిలో తవ్వితే తీగలు తెగి మిగతావి లేస్తాయి, ఎండ లేక తవ్వినవి కూడా చావవు. ఆ ముక్కను ఆ రబీకి వదిలేసి, ఆరాక గుంటక కొనసాగించడమే మేలనుకున్నాం.

మిగతా చోట ఆగస్టు చివర్లో పచ్చిరొట్ట (పచ్చిగా నేలలో కలియదున్నే పంట) వేయాలనుకున్నాం. రైతు మనసు పశువుల మేతకు పనికొచ్చే జొన్న మీద ఉంది. దట్టంగా వేస్తే జొన్న నీడ కూడా బాగానే ఇస్తుంది. కానీ జనవరిలో అక్కడ ఇమాజెతాపిర్ పడింది. దాని శేషం నేలలో చాలా కాలం ఉంటుంది, జొన్నకు అది పడదు. నీడ కోసం వేసిన పంట పలచగా మొలిస్తే తుంగకు మేం మంచి చోటిచ్చినట్టవుతుంది. అందుకే ఆ మందుకు తట్టుకునే పప్పు జాతినే ఎంచుకుని, జనుము మామూలు కంటే వత్తుగా చల్లించాం. నెలన్నరకు నడుము దాటింది. లోపలికి వంగి చూస్తే తుంగ ఉంది గానీ దారాల్లా సాగి, పడిపోయి ఉంది. పూతకు ముందే కలియదున్నాం.

మళ్లీ రబీ

నవంబరు మొదట్లో స్ప్రింక్లర్లతో ఒక తడి ఇచ్చి, మిగిలిన గడ్డలను మొలిపించి, పైపైన గుంటక తోలి, ఆ తర్వాతే విత్తాం. సాళ్ల దూరం దగ్గర మా ఇద్దరికీ వాదన జరిగింది. 30 సెంటీమీటర్లు వదిలితే పైరులో గుంటక తోలుకోవచ్చని అతని మాట. గింజ కలుపు ఎక్కువున్న చేనైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. తుంగ చేనులో గుంటక పది రోజుల ఊరటే ఇస్తుంది, నీడ చివరిదాకా ఉంటుంది. అందుకని 22.5 సెంటీమీటర్ల సాళ్లలో, మొక్కకు మొక్కకు 10 సెంటీమీటర్లు ఉండేలా వేశాం. గుబురు వారం, పది రోజులు ముందే కమ్మింది.

పెండిమిథాలిన్ మామూలుగానే కొట్టాం, అది గింజ కలుపు కోసం. ఇమాజెతాపిర్ ఈసారి ఎకరన్నర మొత్తానికి కాక, తుంగ గుంపులున్న చోట్లకే, 20 రోజులప్పుడు. కూలీలు దిగింది ఒక్కసారే. అదీ తొలికతో కోయడం కాదు, చిన్న పారతో గడ్డతో సహా ఎత్తి గంపలో వేసుకుని గట్టు మీద కాదు, రోడ్డు పక్క బండ మీద పోయడం. గట్టు మీద వేస్తే తొలి వానకే తిరిగి చేనులోకి దిగుతుంది. ఈ మాట కూలీ అక్కలకు చెబితే ఒకామె నవ్వి, "ఇన్నేండ్లూ గట్టు మీదే వేస్తిమి సారూ, ఎవరూ చెప్పలే" అంది.

కోత నాటి గుంతలో పది, పన్నెండు గడ్డలు దొరికాయి, వాటిలోనూ కొన్ని మెత్తబడి పోయినవే. దిగుబడి పక్క రెండున్నర ఎకరాలతో ఇంచుమించు సమానం. తుంగ పూర్తిగా పోలేదు. స్ప్రింక్లర్ పైపుల జాయింట్ల దగ్గర నీరు కారే చోట్ల, గట్ల వెంబడి ఇంకా ఉంది. వదిలేసిన పావు ఎకరానికి ఇంకో వేసవి దుక్కి, ఇంకో వరస గుంటకలు కావాలి.

ఇలాంటి చేను నా దగ్గరకు వస్తే

ఇప్పుడు మందు పేరు అడిగిన రైతుకు ముందు గుంత తవ్వమంటున్నాను. కలుపు గింజదా, గడ్డదా అన్నది తేలితే తప్ప మందుల షాపుకు వెళ్లొద్దంటున్నాను. గింజ కలుపైతే 45 రోజుల్లో గెలవొచ్చు. గడ్డ కలుపైతే రబీ పంట చేతికొచ్చిన రోజు నుంచి మళ్లీ విత్తే రోజు దాకా క్యాలెండర్ గీసుకోవాలి. రోటావేటర్‌ను పూర్తిగా తిట్టను. తీగలను తెంపి గడ్డలన్నిటినీ మొలిపించడం ఒక రకంగా మంచిదే, ఆ తర్వాత పదిహేను రోజులకోసారి కోసే ఓపిక, వీలు ఉంటే. ఒక్కసారి తోలి వదిలేసేవాళ్లు తోలకపోవడమే నయం.

వానలు ఎక్కువుండే ప్రాంతాల్లో, నల్లరేగడిలో ఈ పద్ధతి ఇలాగే పని చేస్తుందని చెప్పను. ఖరీఫ్‌లో చేనులోకి దిగలేని చోట గడువు నిలబడదు, మా పావు ఎకరంలో జరిగిందే జరుగుతుంది. అక్కడ బలమంతా వేసవి దుక్కి మీద, నీడ పంట మీద పెట్టాలి.

ఈ ఏడాది ఆ రైతు మిగతా చేనుకు మళ్లీ చెరువు మట్టి తోలించుకున్నాడు. అంచున కాకుండా లోపలి నుంచి, అదీ పైన అడుగు మట్టిని పక్కకు లాగేయించి. చేనులో పరచకుండా బోరు దగ్గర కుప్ప పోయించి, రెండు మూడు తడులు ఇచ్చి మొలకల కోసం చూస్తున్నాడు. ఇప్పటిదాకా మొలిచింది చిలక తోటకూర, అంతే. ఇంకో పదిహేను రోజులు ఆగి పరుస్తానన్నాడు.